దిగని దిమ్మ

రేకులు నొక్కే ప్రెస్సు కింద పడి ఉన్న ముసలాయన తల పగిలి ఉంది, కానీ ఆయన మీద పడాల్సిన ఇనుప దిమ్మ జానెడు పైనే ఆగిపోయి ఉంది.

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ళ మీద వంగి చూసింది. దిమ్మ అడుగున నూనె జిడ్డే తప్ప రక్తపు చుక్క లేదు.

"మిషన్ లాగేసుకుంది మేడమ్," అన్నాడు మేనేజర్, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. "ఎవడో దారినపోయే దానయ్య. మావాళ్ళు భోజనాలకి పోయినప్పుడు లోపలికి దూరాడు. చావు వెతుక్కుంటూ వచ్చినట్టే వచ్చాడు."

"మిషన్ ఈయన్ని ముట్టుకోనే లేదు."

రుమాలు మెడ మీదే ఆగిపోయింది.

ప్రెస్సు నడిపే పచ్చ బటన్ మీద రక్తం అంటిన వేలిముద్రలు ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి. ఎవరో పదేపదే నొక్కారు.

షెడ్డు మూల, కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి గోడకి అతుక్కుపోయి నిలబడింది. ఆమె ఉద్యోగంలో చేరి నెల కూడా కాలేదు.

"నువ్వు చెప్పమ్మా. ఎవరీయన?"

"తెలీదండీ. పొద్దున నేను కన్ను ఎక్కించలేక తంటాలు పడుతుంటే వచ్చారు."

"కన్నేంటి?"

"కెమెరాతో చూసే ప్రోగ్రామండీ. దిమ్మ కింద రేకు కాకుండా చెయ్యో మనిషో ఏది అడ్డం ఉన్నా మిషన్‌ని ఆపేస్తుంది. కొత్త రకం వచ్చిందని యజమాని పంపారు. ఎక్కించబోతే ప్రతిసారీ సగంలో చచ్చిపోతోంది. 'దారి మరీ పొడవు' అని ఒకటే గోల."

"ఏ దారి?"

"ఫైలు వెళ్ళి చేరాల్సిన చిరునామా అండీ. ఇక్కడికి ఏ మేనేజర్ వచ్చినా..." అమ్మాయి మేనేజర్ వంక చూసి గొంతు తగ్గించింది. "తన పేరూ, చదువులూ, బిరుదులూ అన్నీ తగిలించి ఒక ఫోల్డర్ చేయిస్తారు. పాతాయన ఫోల్డర్‌ని దాని కడుపులో పడేస్తారు. అది చూసి ఆ పెద్దాయన ఒకటే నవ్వు. 'ఇది చిరునామా కాదు తల్లీ, వంశవృక్షం! ఇంత పొడుగు చదవలేక కంప్యూటర్ చేతులెత్తేస్తోంది' అన్నారు. అన్నిటికన్నా పైన 'బుజ్జి' అని చిన్న ఫోల్డర్ ఒకటి పెట్టి, అందులోకి ఎక్కించడం మొదలెట్టారు."

"ఎవరు పంపారని అడగలేదా?"

"అడిగానండీ. ఎవరూ పంపలేదట. ఊరూరా ఇలాంటి కన్నులు బాగుచేస్తూ తిరుగుతున్నానన్నారు."

"ఎక్కిందా మరి?"

"చూళ్ళేదండీ. ఇంతలో ఈ సార్ వచ్చి నన్ను భోజనానికి పొమ్మన్నారు."

ఇన్‌స్పెక్టర్ శవాన్ని పక్కకి తీయించింది. దిమ్మని పైకెత్తించి, కానిస్టేబుల్ చేతిలోని లాఠీ లాక్కుని దాని కింద అడ్డంగా పెట్టింది. వేలిముద్రలు చెరగకుండా, అవతలి వైపున్న రెండో బటన్ నొక్కమంది.

దిమ్మ జానెడు దూరంలో ఆగిపోయింది.

లాఠీ తీసేసి మళ్ళీ నొక్కించింది. దిమ్మ ధబేల్మని పడింది. నేల అదిరింది. అమ్మాయి చెవులు మూసుకుంది.

"ఎక్కింది," అంది ఇన్‌స్పెక్టర్. మేనేజర్ వైపు తిరిగింది. "మొన్నామధ్య ఇదే దిమ్మ కింద ఒక కుర్రాడు నలిగిపోయాడు కదూ?"

"వాడి తలపొగరు మేడమ్! పని తొందరగా తెముల్తుందని కన్ను ఆపేసుకున్నాడు. విచారణలో తేలిపోయింది కూడా."

"అంటే కొత్తది రాకముందు కూడా కన్ను ఉండేది."

"భేషుగ్గా ఉండేది!"

"నిన్నటిదాకా?"

"ఇవాళ పొద్దుటిదాకా!"

"అలాంటప్పుడు మనిషిని కింద పడుకోబెట్టి బటన్ నొక్కితే దిమ్మ దిగుతుందని ఎలా అనుకున్నారు?"

గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డ పనివాళ్ళు ఒక అడుగు లోపలికి వేశారు.

"కన్ను లేదని తెలిసినవాడే అలా నొక్కుతాడు. దిగకపోతే బిత్తరపోయి మళ్ళీ మళ్ళీ నొక్కుతాడు."

"పాత కన్ను ఎక్కిందో లేదో కంప్యూటరే చెప్తుందండీ," అంది అమ్మాయి సన్నగా. "ఎక్కించడం సగంలో ఆగిపోయిన ప్రతిసారీ అది గుర్తుపెట్టుకుంటుంది."

మేనేజర్ బల్ల మీది పెద్ద పానా అందుకున్నాడు.

మొదటి దెబ్బకి కంప్యూటర్ తెర ముక్కలైంది. రెండో దెబ్బకి అడ్డం వచ్చిన కానిస్టేబుల్ ముంజేయి విరిగింది. మూడోది అమ్మాయి తల మీదికి లేచేలోగా ఇన్‌స్పెక్టర్ లాఠీ అతని మణికట్టు మీద పడింది. ఎముక ఫట్‌మంది. పానా జారింది. ఆపైన పనివాళ్ళు చూసుకున్నారు. బూట్లతో తన్నారు, జుట్టు పట్టి నేలకేసి కొట్టారు. ఇన్‌స్పెక్టర్ గాల్లోకి కాల్చాక గానీ వదల్లేదు.

మేనేజర్ పళ్ళూ రక్తమూ కలిపి ఉమ్మాడు. సరిగ్గా అతని ఎదురుగా, నేల మీద, ముసలాయన మొహం ఉంది.

"అటు తిప్పండి మేడమ్," అన్నాడు. "ఆ మొహం."

ఎవరూ తిప్పలేదు.

"నేనే కొట్టాను. ఆ పానాతోనే. మొదట ఎవరో నాకు తెలీదండీ, నిజంగా తెలీదు. తిన్నగా కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో వెతికాడు. 'పాత కన్ను ఒక్కరోజు కూడా ఎక్కలేదు కదయ్యా, మొదటిసారే ఆగిపోయింది' అన్నాడు. ఎవరికైనా చెప్తాడేమోనని భయమేసింది. పానా తీసుకుని ఆయన వెనక్కి వెళ్ళాను. ఆయన ఏడుస్తున్నాడు మేడమ్. ఏడుస్తూనే నవ్వుతున్నాడు. నా వైపు తిరిగి, 'అయితే మా బుజ్జిగాడు కన్ను ఆపలేదన్నమాట, ఈ మాట వాళ్ళమ్మకి చెప్పాలి' అన్నాడు. అప్పుడు కొట్టాను."