గరుకుదా, నున్నదా?

"గంతలు కడుతున్నావు. ఇక గానుగ తిప్పమంటావా?" అన్నాడు భర్త.

ఆమె నవ్వలేదు. తన చున్నీ ఆయన కళ్ళకు రెండు చుట్లు చుట్టి, తల వెనక ముడి బిగించింది. ఆయన ఎడమ చేతిని భోజనాల బల్ల మీద, మడతపెట్టిన తువ్వాలు మీద వెల్లకిలా పెట్టింది.

ఆయన ఒక బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తాడు. లావుపాటి నాలుగు తీగలు, వినేవాళ్ళ గుండెల్లో దిగే మోత. అందుకే బ్యాండులో అందరూ ఆయన్ని గుడుగుడు అనే పిలుస్తారు. స్కూటర్ మీంచి పడ్డప్పుడు మెడలో నరం నలిగింది. ఎడమ చేతి వేళ్ళు కదులుతాయి, పట్టుకుంటాయి, తీగల్ని నొక్కుతాయి. స్పర్శ మాత్రం లేదు. పోయిన కచేరీలో తీగ కోసుకుని వేలికొస నుంచి నెత్తురు కారుతుంటే, ముందు వరసవాళ్ళు చూసి కేకలు పెట్టారు. ఆయన అది మెచ్చుకోలు అనుకుని ఇంకాస్త హుషారుగా వాయించాడు.

అప్పట్నుంచి ఇల్లే. ఆమె లేస్తుంది, వండుతుంది, ఆయన చెయ్యి పొయ్యి దగ్గరికి పోకుండా కాపలా కాస్తుంది, పడుకుంటుంది. ఏడుపు ఎప్పుడో ఆగిపోయింది. మొద్దుబారింది ఆయన వేళ్ళే అనుకున్నారు చుట్టాలు. ఆమెను ఎవరూ గిల్లి చూడలేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి ఒక కసరత్తు చెప్పింది. కళ్ళకు గంతలు కట్టి దూది, గోనెగుడ్డ, గరుకు కాగితం వేళ్ళ మీద రాస్తూ ఏది ఏదో చెప్పమనాలి. స్పర్శ తిరిగొస్తుంటే అలా తెలిసిపోతుంది.

"దూదీ గోనెగుడ్డా ఎందుకే? నా తీగలున్నాయిగా," అన్నాడాయన.

తీగలంటే ఆయనకు కొట్టిన పిండి. పెళ్ళైన కొత్తలో చిలక్కి చెప్పినట్టు చెప్పాడు ఆమెకు. లోపలి ఉక్కు తీగతో పేచీ లేదట, తేడా అంతా దానిమీద చుట్టిన చుట్టులోనే ఉందట. గుండ్రటి సన్నతీగ చుడితే రౌండ్‌వౌండ్. ఆకురాయిలా గరుకు, మోత ఖంగుమంటుంది, వేలు జరిపితే కిర్రుమంటుంది. బల్లపరుపు రేకు చుడితే ఫ్లాట్‌వౌండ్. నున్నగా ఉంటుంది, గొంతు పాతకాలపు మనిషిలా మెత్తన. నల్లటి నైలాన్ చుట్టినది ఇంకా మెత్తన, ఉందో లేదో తెలియనంత వినయం. "ఒకదానికీ ఒకదానికీ నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా," అనేవాడు. పాపం, ఆమెకు మూడూ గుడుగుడుమనే వినపడేవి.

ఇవాళ తాడోపేడో తేలిపోవాలి. పొద్దున బ్యాండు పెద్ద ఆమెకే ఫోన్ చేశాడు.

"ఊళ్ళు తిరిగే కచేరీలు మొదలవుతున్నాయమ్మా. వాడిని అడిగితే చెయ్యి ఊడి కిందపడినా బాగానే ఉందంటాడు. స్పర్శ వచ్చిందో లేదో నువ్వు చెప్పు, నీ మాటే నాకు లెక్క. రాలేదంటే సాయంత్రం ఇంకొకణ్ణి మాట్లాడుకుంటాను. ఏమీ అనుకోకు."

"సరే అన్నయ్యా," అంది.

ఆ మాట తెలిసినప్పట్నుంచి ఆయనకు అన్నం దిగలేదు. "ఇదీ పోతే నాకింకేం పని వచ్చే?" అన్నాడు గోడవంక చూస్తూ. ఆమె కంచం తీసి కడిగేసింది.

"ఊఁ, కానివ్వు," అన్నాడిప్పుడు.

ఆమె ఒక తీగను ఆయన చూపుడువేలి మీద అడ్డంగా పెట్టి లాగింది. కిర్రుమంది.

"రౌండ్‌వౌండ్."

రెండోది సుయ్యిమని జారింది.

"ఫ్లాట్‌వౌండ్. అబ్బ, వెన్న!"

నల్లది లాగింది. ఆయన తల పక్కకు వాల్చి, "నైలాన్," అన్నాడు.

తారుమారు చేసింది. అప్పుడూ తప్పలేదు. ఇంతలో వీధిలో లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెనక్కి రాసాగింది.

"ఆగు, అది పోనీ. ధ్యాస చెదురుతుంది," అన్నాడు.

ఆమె తీగ పట్టుకుని ఆగింది. ఆయన ముఖాన్నే చూస్తూ కూర్చుంది. లారీ పోయింది. ఆయన మళ్ళీ చెప్పాడు, మళ్ళీ సరిగ్గానే. ఎన్నాళ్ళకో ఆయన పెదాల మీదకు నవ్వు వచ్చింది.

"చూశావా? నే చెప్పలా?"

ఆమెకు సంతోషం రావాలి. రాలేదు. ఎక్కడో దూరంగా వేరేవాళ్ళింట్లో శుభకార్యం జరుగుతున్నట్టుంది.

"ఇంకొక్కసారి," అంది.

"వందసార్లు పెట్టుకో తల్లీ."

ఆమె గరుకు తీగ అందుకుంది. ఈసారి తొందరపడలేదు. ఒత్తిపట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగింది. కిర్‌ర్‌ర్రుమంది.

"రౌండ్‌వౌండ్!" కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "చూపుడువేలి కొస మీద. ఆకురాయితో రుద్దినట్టు చురుక్కుమందే!"

"నిజంగా తెలిసిందా?"

"నీ మీద ఒట్టు."

ఆయన గంతలు విప్పుకోబోతే, "ఉండండి," అని ఆమె ఫోన్ తీసింది. బ్యాండు పెద్ద మొదటి మోతకే ఎత్తాడు.

"చెప్పమ్మా. నీ నోటితో చెప్పు."

ఆమె కిటికీ వైపు చూసింది. భర్త మాట వినపడే వైపు ముఖం తిప్పి కూర్చున్నాడు.

"వచ్చింది అన్నయ్యా," అంది. "బాగా వచ్చింది. ఇంకొకణ్ణి చూడకండి."

ఆయన చున్నీ కిందే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె ఫోన్ పక్కన పెట్టి, తీగల్ని చుట్టలు చుట్టి డబ్బాలో సర్దింది.

ఆఖరిసారి ఆ గరుకు తీగను ఆమె ఆయన వేలికి తాకించనే లేదు, తన వేలి మీద లాగింది.