ఆ అడ్రసు ఎవరిది?

"ఈ పొద్దు మాత్రం నిన్ను యాడికీ పంపీను నాయనా!" అంటూ సుప్రజ బండి తాళాలు వెనక్కి దాచేసింది.

"హార్స్‌లీ కొండమీద గెస్ట్‌హౌసు లైను కోతులు తెంపేసినాయంట మ్మా. ఆడ ఫోను సిగ్నలు గూడా సరిగా రాదు. మనల్ని నమ్మి లైను పెట్టించుకున్నోళ్లు ఊరికే కూసోవల్లనా?" అన్నాడు మల్లప్ప, చెయ్యి చాపి.

"గంటలో మీటింగు. మన అడ్రసులు ఉంటాయో ఊడతాయో తేలిపోతాది. నా పక్కన ఉండవా?"

"నాకు ఇంగ్లీషు యాడొస్తాది? మాట్లాడేది నీకొచ్చు, తెగిన లైను అతికించేది నాకొచ్చు. ఎవురి పని వాళ్లు సేస్తాం. ఇటియ్యి."

తాళాలు తీసుకుని, తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఇలాంటి మనిషితో ఎలా వేగాలి?

మదనపల్లె నుంచి బి.కొత్తకోట దాకా ఆరు వేల ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చేది ఈ తండ్రీకూతుళ్ల 'మల్లప్ప నెట్'. నెట్‌లోకి వెళ్లాలంటే ఎవరికైనా ఒక అంకెల అడ్రసు కావాలి. పాతరకం అడ్రసులు ప్రపంచంలోనే కరువైపోయాయి. పొడుగాటి కొత్తరకం వచ్చాయి గానీ, ఇంకా రెండూ ఉంటేనే పని నడుస్తుంది. వీటిని మన వైపు దేశాలన్నిటికీ పంచే సంస్థ ఆ రోజు ఆన్‌లైన్‌లో సభ పెట్టింది. అక్కడ ఓట్లుండవు. చిన్నా పెద్దా ఎవరైనా మాట్లాడొచ్చు. తగిన అభ్యంతరం ఒక్కటి నిలబడినా చాలు, ప్రతిపాదన ఆగిపోతుంది.

సభ మొదలైంది. ప్రతిపాదన పెట్టిన పెద్దమనిషే రాలేదు. బెంగళూరులోని ఒక పెద్ద కంపెనీకి ఆఫీసరు, పేరు హరీష్. మనిషి తెలుగువాడే.

"పావుగంట చూస్తాం. ఆయన రాకపోతే ఇది కొట్టేసినట్టే" అంది సభ నడిపే ఆవిడ ఇంగ్లీషులో.

సుప్రజ గడియారం వంక చూస్తూ కూర్చుంది. పది నిమిషాలు. పన్నెండు. పద్నాలుగు. బోయకొండ గంగమ్మకు మొక్కు కూడా మొక్కేసింది. సరిగ్గా అప్పుడు తెర మీద హరీష్ ప్రత్యక్షమయ్యాడు. బొమ్మ అద్దంలా ఉంది, గొంతు ఖంగుమంటోంది.

"ఆలస్యానికి క్షమించండి. నేను చెప్పేది ఒక్కటే. చిన్న ఊళ్ల కంపెనీలకు కొత్త అడ్రసులు నడపడం చేతకాదు. చేతకాని వాళ్ల దగ్గర పాతవి మాత్రం ఎందుకు మగ్గాలి? వెనక్కి తీసుకుని మాలాంటి వాళ్లకివ్వండి."

సుప్రజకు ఒళ్లు మండింది. "మేం రెండేళ్ల నుంచి ప్రతి ఇంటికీ కొత్తవే ఇస్తున్నాం సార్!"

"కాగితం మీద అందరూ ఇస్తారమ్మా" అని నవ్వాడు హరీష్. "మీ కొత్త అడ్రసు మీద నిజంగా పని చేసుకుంటున్న మనిషిని ఒక్కణ్ణి చూపించండి, ఇక్కడే, ఇప్పుడే. నా ప్రతిపాదన నేనే వెనక్కి తీసుకుంటా."

సుప్రజ ఇప్పటికిప్పుడు ఎవరిని పట్టుకురాగలదు? దిక్కుతోచక తెర వంకే చూస్తూ ఉండిపోయింది. ఉన్నట్టుండి ముందుకు వంగింది. మళ్లీ ఒకసారి బాగా చూసి, నిటారుగా కూర్చుంది.

"సార్, మీరిప్పుడు ఏ అడ్రసు మీద మాట్లాడుతున్నారో, అది ఎవరి పేరున ఉందో చూసి చెప్తారా? ఈ సంస్థ రిజిస్టరు ఎవరైనా తెరిచి చూడొచ్చు కదా."

"దానికీ దీనికీ ఏం సంబంధం?" అంటూనే హరీష్ కీబోర్డు మీద టకటకలాడించాడు. చప్పున వేళ్లు ఆపేశాడు.

"చదవండి" అంది సభ నడిపే ఆవిడ.

"కొత్తరకం అడ్రసే..."

"ఎవరి పేరున?"

"మల్లప్ప నెట్... మదనపల్లె."

సభలో ఎవరో పకపకా నవ్వారు. ఆవిడ కూడా నవ్వాపుకుంటూ, "అభ్యంతరం నిలబడింది. ప్రతిపాదన ఇంతటితో సరి" అని ప్రకటించింది. "ఇంతకీ ఈ మల్లప్ప ఎవరు?"

సుప్రజ గర్వంతో పైకి లేచింది. ఇన్నాళ్లూ బట్టీపట్టిన ఇంగ్లీషంతా యాడికి పోయిందో పోయింది.

"ఎనక్కి తిరిగి, ఆ కొండమీద గెస్ట్‌హౌసు కిటికీలో సూడండి హరీష్ సార్! ఎర్ర తువాల కట్టుకోని స్తంభం దిగతాండాడే, ఆయప్పే. మా నాయన!"