తెరుచుకోని పిడికిలి

బస్సు ప్రమాదంలో మేస్త్రీకి ఎడమచేయి పోయింది. ఆ చేయి పట్టుకుని కూర్చున్న కూతురూ పోయింది. లేని చేతిలో నొప్పి మాత్రం పోలేదు. అద్దంలో కుడిచేతి ప్రతిబింబం చూపించి, అదే ఎడమచేయి అని మనసుని నమ్మిస్తే నొప్పి తగ్గుతుందేమోనని ఆసుపత్రిలో పరీక్షిస్తున్నారు. అందులో అతనూ చేరాడు.

ఆ రాత్రి గదిలో అతనూ, నర్సూ మాత్రమే ఉన్నారు.

"పిడికిలి మెల్లగా తెరువు బాబాయ్," అంది నర్సు.

తెరిచాడు. అద్దంలో చేయి తెరుచుకోలేదు. దేన్నో వదలనట్టు వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి.

"నొప్పిగా ఉందా?" అడిగింది నర్సు.

"లేదమ్మా. వెచ్చగా ఉంది." అతని కళ్ళు నిండాయి.

ఆ అద్దం ఇక కనబడకుండా చేయాలని, ఆమె స్విచ్ వైపు చేయి చాపింది.

"లైటు ఆర్పకు తల్లీ," అన్నాడు చూపు తిప్పకుండా. "చీకటంటే నా బిడ్డకి భయం."