పన్ను పెట్టె

సొంత ఇంట్లో దొంగతనం చేయడానికి తాళాల మిస్త్రీకి పట్టుమని పది సెకన్లు కూడా పట్టలేదు.

బీరువా అడుగున ఉండే ఇనప్పెట్టె అది. ఆరు నెలల క్రితం అతను కంపెనీ ఉద్యోగం వదిలి సొంతంగా పని మొదలుపెట్టిన రోజే భార్య కొని తెచ్చింది. ఆవిడ ఒక ఆఫీసులో జీతాల గుమాస్తా.

"ఇకమీదట మీ పన్ను కోసి కట్టడానికి కంపెనీ లేదు. మూడు నెలలకోసారి మనమే అంచనా వేసుకుని ముందుగా కట్టాలి. వచ్చే ప్రతి బిల్లులో పావు వంతు ఈ పెట్టెలో పడాల్సిందే. కట్టే సంగతి నేను చూసుకుంటా" అంటూ తాళంచెవి మెళ్లో గొలుసుకి తగిలించుకుంది. తాళాల మిస్త్రీ ముందు!

పాపం, ఇవాళ పొద్దుటిదాకా బుద్ధిగానే ఉన్నాడు. అంతలో పాత సామాన్ల షాపువాడు ఫోన్ చేశాడు. మిస్త్రీ నెల్లాళ్లుగా ఆశపడుతున్న తాళంచెవులు కోసే మెషీన్‌ని ఎవరో ఆవిడ బేరం చేసిందట. రేపు డబ్బు తెస్తానందట.

"ఇవాళే ఐదు వేలు ఎక్కువిచ్చావంటే నీదే" అన్నాడు షాపువాడు.

ఆ మెషీన్ లేకే కదా, చెవులన్నీ వేరేవాళ్ల దగ్గర చేయించి సగం లాభం వాళ్లకే ధారపోస్తున్నాడు!

మధ్యాహ్నానికల్లా పెట్టె ఖాళీ. మెషీన్ స్నేహితుడి షెడ్డు చేరింది. మిస్త్రీకి కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఈల వేసుకుంటూ, దొంగలు పడ్డట్టు కనిపించేలా బట్టలు విసిరాడు, సొరుగులు లాగాడు, వీధి తలుపు బార్లా తెరిచాడు. అది ఎప్పటిలాగే కీచుమంది. చిరాకేసి రెండు చుక్కల నూనె వేశాడు.

సాయంత్రం భార్య మొహం వేలాడేసుకుని వచ్చింది.

"దొంగలు పడ్డారే! పెట్టెలో పన్ను డబ్బంతా పోయింది!" అంటూ గుండెలు బాదుకున్నాడు.

ఆవిడ తలుపు వేసింది, తీసింది, మళ్లీ వేసింది. చప్పుడే లేదు. వెళ్లి పెట్టె చూసింది. ఒక్క గీత పడలేదు. పైగా తాళం వేసే ఉంది.

"నూనె వేయండని ఆర్నెల్లుగా మొత్తుకుంటున్నా. దొంగ వేసి పోయాడా? వేసిన తాళం వేసినట్టే ఉంటే, లోపల డబ్బు పోయిందని మీకెలా తెలిసింది?"

మిస్త్రీ రెండు చెవులూ పట్టుకున్నాడు. "తప్పయిపోయిందే! నేనే తీశా. రేపే పన్ను గడువు. ఇప్పుడేం చేద్దాం?"

"పన్నుకేం, ఎప్పటికప్పుడు కడుతూనే ఉన్నా. నా జీతంలోంచే తీసి మీ పేరున కట్టేస్తున్నా, ఈసారిది కూడా కట్టేశా."

"మరి ఈ పెట్టెలోది?"

"పన్ను డబ్బంటే భయపడి ముట్టుకోరని అలా చెప్పా." ఆవిడ మంచం మీద కూలబడింది. "మీ పుట్టినరోజుకి ఆ చెవులు కోసే మెషీన్ కొనిద్దామని దాచానండీ. రేపు డబ్బు తెస్తానని బేరం కూడా చేసుకున్నా. ఇందాకే షాపువాడు ఫోన్ చేశాడు... ఎవడో బుద్ధిలేనివాడు ఐదు వేలు ఎక్కువ పోసి ఎగరేసుకుపోయాడట!"