లెక్కలో పన్నెండో మనిషి

“ఈ గదిలో ఎంతమంది?” అని అడిగాడు సనావుల్లా, కాగితాల అట్ట మోకాలి మీద పెట్టుకుని.

“పన్నెండు,” అన్నాడు హన్మాండ్లు.

సనావుల్లా తలెత్తి చూశాడు. రువైస్ క్యాంపులోని ఆ గదిలో ఆ శుక్రవారం పొద్దున కూర్చున్నవాళ్లు పదకొండుమందే.

“పన్నెండో ఆద్మీ ఎక్కడ?”

“పోశయ్య. జెట్టీ మీద ఓవర్‌టైం. రాసుకోండ్రి సాబ్.”

1980 నాటి జనాభా లెక్కలవి. సనావుల్లా హైదరాబాదువాడు కాబట్టి తెలుగువాళ్ల గదులన్నీ ముదీర్, అంటే పై అధికారి, అతనికే అంటగట్టాడు.

“అయిదేళ్ల కింద ఇక్కడ మనుషులే తక్కువ. ఇప్పుడు చూస్తే కాలు పెట్ట సందు లేదు,” అన్నాడు రాసుకుంటూనే. “జీతాలు కూడా పెరిగినయా లేదా రాయాలంట. పోశయ్యకెంత?”

“ఆరు వందల దిర్హాములు.”

“నిరుడు?”

“అయిదు వందల యాభై.”

“నీకన్నా యాభై ఎక్కువే. ఊళ్లో భార్య ఉందా?”

“ఉన్నది. లక్ష్మవ్వ. ఇద్దరు పిల్లలు.”

పోశయ్య వివరాలు పూర్తయ్యేదాకా హన్మాండ్లు పెన్ను వంకే చూశాడు. ఈ కాగితాలు ఎంబసీకి, అక్కడినుంచి కలెక్టరాఫీసుకు, అక్కడినుంచి ఊరి పట్వారీకి పోతాయని క్యాంపులో ఎవరో పుకారు పుట్టించారు. పుట్టించినవాడు హాయిగా ఉన్నాడు, వీళ్లకు మాత్రం వారం రోజులుగా నిద్ర లేదు. కాగితంలో లేనివాడు, ఊళ్లో దుబాయ్ అని పిలిచే ఈ దేశంలోనే లేడని అక్కడ తెలిసిపోతుందని వాళ్ల భయం.

సనావుల్లా “ఖలాస్” అని లేచి పక్క గదికి వెళ్లాడు.

గోడవారన కూర్చున్న పర్శరాములు ఇక ఆగలేకపోయాడు. పోశయ్యకు మేనల్లుడు, ఊరినుంచి వచ్చి నాలుగు రోజులైంది. వచ్చిన రోజునుంచీ కిందే పడుకుంటున్నాడు. పక్కనే ఖాళీ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉన్నా, దాని మీద కూర్చోమని అతనితో ఎవరూ అనలేదు.

“హన్మాండ్లన్నా, మామ ఓవర్‌టైం ఎప్పుడు ఒడుస్తది?”

ఒకడు తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు. ఒకరి వెనక ఒకరు మిగతావాళ్లూ లేచారు.

“మీ అత్త ఏం జెప్పి పంపింది?” అన్నాడు హన్మాండ్లు.

“పానం జాగ్రత్తగ చూసుకొమ్మన్నది,” అన్నాడు పర్శరాములు తల దించుకునే.

రెండేళ్లుగా మోస్తున్నది హన్మాండ్లు ఇక మోయలేకపోయాడు.

“మామ లేడు బిడ్డా. రెండేండ్ల కింద జెట్టీ మీదికెళ్లి సముద్రంల పడ్డడు. పీనుగ దొర్కలే. కంపెనోళ్లు పారిపోయిండని రాసుకున్నరు. ఇప్పటికీ కొన్ని పొద్దులు ఆ మంచంల దగ్గినట్టు ఇనబడ్తది. నాకొక్కనికే గాదు, అందరికి.”

పర్శరాములు కళ్లార్పకుండా విన్నాడు.

“మీ అత్తకు ఎట్ల జెప్పాలె? ఎనుకట పెద్దపిల్ల సచ్చినప్పుడే బాయిల దుంకవోయిందట. అందుకే తలా ఇన్ని ఏసుకొని పైసలు మేమే పంపుతున్నం. ఆయన పేరు మీద ఉత్తరాలు నేనే రాస్తున్న. ఆమె గూడ ఎంత మనసున్న మనిషి! రెండేండ్లల్ల ఒక్కసారన్న రమ్మని రాయలే. ఈడ మేం మంచిగున్నం, నువ్వు ఆడనే ఉండు, యాళ్లకు తిను అనే రాస్తది. అవి సదువుకుంట నేను ఏడ్వని నెల లేదు.”

అతను చెయ్యి చాపాడు.

“ఆమెకు ఈ సంగతి తెల్వద్దు పర్శరాములూ. తెలిస్తే బతకది. ఒట్టేయి.”

పర్శరాములు ఆ చేతిలో చెయ్యి వేయలేదు. ఆ ఖాళీ మంచం వంక తిరిగాడు.

“అత్త పోయి రెండేండ్లాయె అన్నా, ఆ ఉత్తరాలు రాసింది నేనే.”