పేరు కింద ఒక్క మాట

“వాచ్‌మన్ అని రాస్తే మన ఇజ్జత్ ఏముంటది? రోడ్డు మీద పోయేటోళ్లు చూసి ఏమనుకుంటరు?” అంటూ అపార్ట్‌మెంట్ కమిటీ ప్రెసిడెంట్ రఘుపతి మిర్చి బజ్జీ కొరికి, నూనె చేతిని కుర్చీ చేతికి రాశాడు.

అదే అపార్ట్‌మెంట్‌లో ఉండే యశోద తన కుర్చీని కాస్త దూరం జరుపుకుంది. గేటు కాపలా ఇమ్మాన్యుయేల్ షుగర్ ముదిరి దవాఖానలో చనిపోయి మూడు రోజులే అయింది. మట్టి వేయడానికి కమిటీ నుంచి ఒక్కడూ పోలేదు. ఇప్పుడు పార్కింగ్‌లో కుర్చీలు వేసుకుని, బజ్జీలు తెప్పించుకుని, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలో అతని పేరు కింద ఏం రాయాలా అని గంట నుంచి కొట్టుకుంటున్నారు.

“చౌకీదార్ అని రాద్దాం సాబ్. వజన్ ఉంటది,” అన్నాడు సెక్రెటరీ నదీమ్. “పాపం, మొన్నటిదాక గేటు కాడనే ఉండె. ఒక్క రోజు ఛుట్టీ తీసుకోలే.”

“గది పాత మాట. సెక్యూరిటీ ఆఫీసర్ అని పెడదాం. మెదక్‌ల ఏ అపార్ట్‌మెంట్‌కన్న ఆఫీసర్ ఉన్నడా?” అన్నాడు రఘుపతి.

“గట్లయితే ద్వారపాలకుడు అని పెట్టుండ్రి, గుడి లెక్క ఉంటది,” అని వెనక కుర్చీలోంచి ఎవరో అన్నారు. అందరూ పగలబడి నవ్వారు.

బతికున్నన్నాళ్లూ అతన్ని ‘ఓయ్’ అని తప్ప పిలిచిన పాపాన పోలేదు వీళ్లు. ఛీ, ఏం మనుషులు!

ఫ్లెక్సీ నమూనా అందరి ఫోన్లలోనూ ఉంది. అందులో రఘుపతి మొహం చాటంత, నదీమ్ మొహం పళ్లెమంత. చనిపోయినవాడు మాత్రం ఒక మూల తపాలా బిళ్లంత. ఆ బిళ్లంత ఫొటో కూడా యశోద పంపిందే. మిగతా ఇరవై మూడు ఇళ్లలో ఎవరి ఫోన్‌లోనూ అతను లేడు. జనవరి ఇరవై ఆరున పొద్దున్నే జెండా ఎగరేసినప్పుడు తీసిన గ్రూపు ఫొటోలో, వెనక వరసలో దొరికాడు. పొడుగాటి ఖాకీ కోటు, కనుబొమల దాకా లాగిన టోపీ, చలికి మూతి చుట్టూ మఫ్లర్, శాల్యూట్ కొట్టిన చెయ్యి. తనైనా ఆ మనిషిని గుర్తుపెట్టుకుందని యశోదకు లోలోపల కాస్త గొప్పగానే ఉంది.

“సారూ, జర నా ముచ్చట గూడ చెప్పుండ్రి.”

ఇమ్మాన్యుయేల్ భార్య రాహేలు. చేతిలో చీపురుతో మెట్ల పక్కన అప్పటిదాకా నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

“చెప్పేదేముంది? రేపు ఏజెన్సోళ్లు కొత్త మనిషిని పంపుతున్నరు. పొద్దుగూకేవరకు వాచ్‌మన్ అర్ర ఖాళీ చెయ్యాలె,” అన్నాడు రఘుపతి.

“గా పని నాకే ఇయ్యుండ్రి సారూ. బిడ్డకు పదో తరగతి పరీక్షలు నడుస్తున్నయి. గిప్పుడు అర్ర ఇడిచి యాడికి పోవాలె? గేటు తీసుడు, మోటరు ఏసుడు, అన్నీ నాకెరుకే.”

“ఆడిదానివి, నువ్వేం కాపలా కాస్తవ్?” రఘుపతి నోట్లోని గుట్కా స్తంభం మొదట్లో ఉమ్మాడు. ఆ పొద్దున రాహేలు కడిగిన స్తంభమే అది.

యశోదకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడింది.

“పోయినాయన పేరు కింద ఏం రాయాల్నో గంట సేపు మాట్లాడిండ్రు. ఉన్నామె సంగతి ఒక్క నిమిషం మాట్లాడరా? మీకు సిగ్గనిపిస్తలేదా?”

రఘుపతికి సిగ్గు అనిపించలేదు. తాపీగా మూతి తుడుచుకుని ఫోన్ తీశాడు. ఫొటోను వేళ్లతో పెద్దది చేసి అందరికీ తిప్పి చూపించాడు.

“మేడమ్, మీరు పంపిన ఫొటోనే చూడుండ్రి. జెండా కట్టె కన్న నిటారుగ ఎట్ల నిలబడ్డడో! గీ మనిషిని చూస్తే దొంగోడు మన గల్లీల అడుగువెడతడా? కాపలా అంటే గిట్లాంటి మగోడుండాలె.”

“సహీ బాత్,” అన్నాడు నదీమ్. తలలన్నీ ఊగాయి. యశోద మళ్లీ కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఆ శాల్యూట్ చూసి ‘శభాష్’ అన్నది తనే.

రఘుపతి ఫోన్‌ను రాహేలు మొహం మీదికి తోశాడు. “నువ్వే చూడు. నీ మొగని లెక్క గిట్ల నిలబడతవా, చెప్పు?”

రాహేలు చీపురు గోడకు ఆనించింది. కొంగుతో చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. చాలాసేపు చూసింది. తలెత్తి రఘుపతిని చూసింది, తర్వాత యశోదను చూసింది.

“క్రిస్మస్ సంది ఆయన మంచం దిగలే సారూ. చెప్తే తీసేస్తరని ఆయన కోటు నేనే తొడుక్కున్న,” అంది. “గీ ఫొటోల నిలబడ్డది నేనే.”