ఏనుగు కడుపు కింద

కొమురవ్వ కొడుకు ఏనుగును చూడగానే తల్లి కొంగు చాటుకు పోయాడు.

"అవ్వా, ఇంటికి పోదామే."

"సప్పుడు చెయ్యకు. గింత దూరం వచ్చింది మర్లిపోతందుకా?"

ఆసిఫాబాద్ నుంచి మేనమామ వచ్చి సర్కారు కాయితం ఇచ్చిపోయిన నాటి నుంచి వాడికి జడుపు పట్టింది. అన్నం సహించడు. నిద్రలో ఉలిక్కిపడి అరుస్తాడు. మేనమామ దిష్టేమోనని కొమురవ్వ ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. కొండగట్టు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. తగ్గలేదు.

ఏనుగు కడుపు కింది నుంచి మూడుసార్లు దూరిస్తే ఎంతటి భయమైనా దిగిపోతుందని వాడలో ముసలమ్మలు చెప్పారు. ఈ పొద్దు దిగకపోతే కొడుకు బతుకు ఆగమే. అందుకే బెల్లం మూటగట్టుకుని, టేకు దుంగలు లాగే ఏనుగున్న ఈ సర్కారు అడవికి ఎడ్లబండి మీద వచ్చింది.

ఏనుగుకు అవతల పక్క అరటిపండ్లు పెడుతున్న, చొప్పదండి నుంచి వచ్చిన ఒకామెకు కొడుకు ఏడుపు వినబడింది.

"అయ్యో, పిలగాడు బడికి పోతుండా అక్కా?"

"బడెప్పుడో బందు వెట్టిండు."

"పాపం!"

అడవి జవాను అంతయ్య, కొమురవ్వ కొడుకు వంక చూశాడు. ఏనుగు కడుపు వంక చూశాడు. తల గోక్కున్నాడు.

"దూరిపియ్యొచ్చు అవ్వా. గని మావటి లేడు. మావటి చెప్తెనే మోతి కదలకుంట నిలవడతది. నా మాట ఇనది."

"పాతాయన ఉంటడనుకుంటి."

"ఆయన పింఛిని తీసుకొని పాయె. కొత్తాయన వస్తడు, కూసో."

కొమురవ్వ నీరుగారిపోయింది.

"నువ్వే జర పట్టుకో బిడ్డా. నీ కాళ్లు మొక్కుత."

"తొక్కితె ఎవని పానం పోతది? కొత్తాయన రానీ. పదిసార్లు దూరిపియ్యి, ఎవరొద్దన్నరు?"

ఎండ వాలింది. చొప్పదండి ఆమె వెళ్లిపోయింది. మోతి తొండం చాచి బెల్లాన్ని మూటతో సహా మింగింది. దారి వంక చూసి చూసి అంతయ్యకు చిర్రెత్తింది.

"గింత బేఫికర్ మనిషి ఉంటడా! పొద్దుగూకే లోపట డూటి ఎక్కకుంటె నౌకరి ఇంకొకనికి పోతది."

కొమురవ్వ తన కొంగును కొడుకు పిడికిట్లోంచి లాక్కుంది.

"పొద్దుగాల సంది ఈడనే ఉన్నడు బిడ్డా," అంటూ మీసాల కొడుకును రెండు చేతులా అంతయ్య ముందుకు నెట్టింది.